ఈరేష్ రాసిన ఫోన్ యాప్

ఆదోనిలో ఫోన్లు బాగుచేసే ఈరేష్, తీరిక దొరికితే, ఆండ్రాయిడ్‌కు బదులు లినక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఫోన్లకు యాప్‌లు రాస్తాడు.

మా నాగవేణక్క ఎక్కడికి వెళ్లినా, ఆమె వదిలేసి వచ్చిన మొగుడు అక్కడికి వచ్చేవాడు. ఆమె ఎక్కడుందో తనకు తెలిసేలా ఆమె ఫోన్లో అతను దాచిపెట్టిన యాప్‌ను ఈరేషే కనిపెట్టాడు. పాత ఫోన్ ఒకదానిలో లినక్స్ ఎక్కించి, కాల్స్ కోసం తెలుగు అక్షరాలతో సొంతంగా యాప్ రాసి ఇచ్చాడు.

"నువ్వు యాడుండావో ఇది ఎవురికీ సెప్పదక్కా. ఫోటోలు మాత్రం దయ్యాల మాదిరి వస్తాయి."

"నా మొగం సూసేదెవురు లేప్పా!"

ఆ ఫోన్‌తోనే అక్కా నేనూ ఎమ్మిగనూరుకు ఇల్లు మారి, అక్కడ కుట్టుపనికి వెళ్లాం. సాయంత్రం అక్క మొగుడు ఫోన్ చేశాడు. అక్క స్పీకర్ పెట్టింది.

"యాడుండావే?"

అతను ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"సెప్పను," అని అక్క పెట్టేసింది.

ఆ రోజు, అతని భయంతో ఎప్పుడూ ఎక్కే ఆటో ఎక్కకుండా, బజారంతా చూసుకుంటూ నడిచి ఇంటికి వచ్చాం.