ఎనిమిదో ట్రంపెట్‌లో దూది

2022 జూన్‌లో మందమర్రిలోని ఒక ప్రైవేటు పాఠశాలలో బ్యాండ్ మాస్టర్‌గా చేరాను. పేరు విని పెద్ద పదవి అనుకోకండి. నాకిచ్చిన గది ఆటల సామాను గది. నేను రాకముందు అందులో రెండు పగిలిన క్యారమ్ బోర్డులు, ఎలుకలు కొట్టిన ఒక హైజంప్ పరుపు ఉండేవి. నేను వచ్చాక కూడా ఉన్నాయి. పీఈటీ సార్ సెలవు పెడితే కబడ్డీ కూడా నేనే ఆడించేవాణ్ని. నా ఆటకంటే నా విజిల్ బాగుంటుందని పిల్లలే చెప్పారు.

ఇల్లు నస్పూర్‌లో. ట్రంపెట్ మా చర్చిలో నేర్చుకున్నాను. బ్యాండ్ మాత్రం పెళ్లి ఊరేగింపుల్లో నేర్చుకున్నాను. డిగ్రీ చదివేటప్పుడు రెండు సీజన్లు ఒక పెళ్లి బ్యాండ్‌లో తిరిగాను. అక్కడ డమ్మీ అని ఒక ఉద్యోగం ఉంటుంది. ఇరవై మంది వస్తారని మాట ఇస్తే ఇరవై మంది కనబడాలి కదా. పద్నాలుగు మంది వాయిస్తారు, మిగతా ఆరుగురు యూనిఫాం వేసుకుని, బాజా నోటికి ఆనించి, బుగ్గలు ఉబ్బిస్తారు. మొదటి సీజన్ అంతా నేను డమ్మీనే. ఎవరూ కనిపెట్టలేదు. భోజనం అందరితో సమానంగా పెట్టారు. కాబట్టి నాకు అందులో తప్పేమీ కనబడలేదు.

స్కూలు బ్యాండ్‌లో వెనకబడిన పిల్లలతో ఏం చేస్తారని ఎవరైనా అడిగితే నిజం చెబుతాను. మా మాస్టర్లందరి దగ్గరా కొన్ని పాత మందులున్నాయి. తాళం రాని పిల్లకు సింబల్స్, అంటే పెద్ద తాళాలు ఇచ్చి, నేను తలూపినప్పుడే కొట్టు అంటాం. అడుగు కలవని వాడికి జెండా ఇచ్చి ముందు నిలబెడతాం. ఎందుకూ కుదరని వాళ్లతో ‘నీళ్ల బాటిళ్లు చూసుకో’ అంటాం. దీన్ని మేము సర్దుబాటు అంటాం. పిల్లలు ఏమంటారో ఎప్పుడూ అడగలేదు.

శిరీష తొమ్మిదో తరగతి. బక్కగా, రెండు జడలతో, ఎప్పుడూ ఎవరో పిలుస్తారన్నట్టు చూసేది. వాళ్ల నాన్న ఓదెలు బొగ్గు బావిలో పని చేస్తాడని మాత్రం తెలుసు. అది మందమర్రిలో పెద్ద సమాచారమేమీ కాదు. ట్రంపెట్‌కు మూడు వాల్వులు ఉంటాయి. అంటే వేలితో నొక్కే మీటలు. ఏ స్వరానికి ఏది నొక్కాలో ఆమె రెండు వారాల్లో పట్టేసింది. చిక్కల్లా ఒకటే. ఆమె చప్పుడుకు ఒకే స్థాయి ఉంది, గట్టిది. మొదటి రోజు ఊదగానే పక్క గదిలో లెక్కల సార్ చేతిలోంచి చాక్‌పీస్ జారి పడింది. ఆ సంగతి ఆయన నాకు మూడు రోజులు చెప్పారు.

“జర మెల్లగ ఊదు,” అన్నాను.

“మెల్లగనే ఊదుతున్న సార్.”

“గిది మెల్లగనా?”

“ఇంట్ల అయితే ఇంకా గట్టిగ ఊదుత సార్.”

క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను.

బ్యాండ్‌లో బ్యాలెన్స్ అనే మాట ఒకటుంది. ఎనిమిది ట్రంపెట్లు ఊదితే ఒక పెద్ద ట్రంపెట్ ఊదినట్టు వినపడాలి, ఏ ఒక్కటీ విడిగా తెలియకూడదు. శిరీష ఊదితే మిగతా ఏడూ తెలిసేవి కావు. మెల్లగా ఊదమంటే గాలి తగ్గించేది, స్వరం మధ్యలో విరిగిపోయేది. మళ్లీ గట్టిగా ఊదేది. పిల్లలు ఆమెకు సైరన్ అని పేరు పెట్టారు. బావి మీద షిఫ్టు మారేటప్పుడు మోగే సైరన్.

“సైరన్ అచ్చిందిరా, డ్యూటీలకు పొండ్రి,” అనేవారు ఆమె గదిలోకి రాగానే.

ఆమె పక్కన నిలబడే పిల్లలు రోజుకో జానెడు జరిగారు. జూలై ఆఖరుకు ఆమె చుట్టూ ఇద్దరు పట్టేంత చోటు ఖాళీ అయింది. పాట మధ్యలో ఆపాల్సి వచ్చి ఒకసారి నేను కూడా “సైరన్, ఆగు,” అన్నాను. అందరికంటే ఎక్కువగా నవ్వింది శిరీషే. నా జోకుకు అంత నవ్వు అక్కర్లేదని నాకు తెలుసు.

ఆగస్టు పదిహేనున బొగ్గు గనుల వాళ్ల ఏరియా స్టేడియంలో పరేడ్. ట్రంపెట్లు నాలుగు నాలుగుగా రెండు వరుసలు. ప్రిన్సిపల్ మేడమ్ రెండు మాటలు చెప్పారు. ఒకటి, వరుసలో ఖాళీ కనబడొద్దు. రెండు, ‘ఆ అమ్మాయి’ వినబడొద్దు. ఒకే అమ్మాయి కనబడాలి, వినబడకూడదు. నాకు పెళ్లి బ్యాండ్ గుర్తొచ్చింది.

పన్నెండో తేదీ ప్రాక్టీసు అయ్యాక శిరీషను ఆపాను. మౌత్‌పీస్, అంటే పెదవులు ఆనించే చిన్న గిన్నెలాంటి ముక్క, తిప్పి లాగితే ఊడి వస్తుంది. దాని రంధ్రంలో దూది కుక్కి, మళ్లీ బిగించి చేతికిచ్చాను.

“ఇగ ఊదు.”

ఊదింది. ముఖం ఎర్రబడింది, శబ్దం రాలేదు.

“మంచిగుంది. వేళ్లు మాత్రం తప్పు ఒత్తకు.”

“అందరు గిట్లనే ఊదుతరా సార్?”

“నువ్వొక్కదానివే.”

“ఇంట్ల తియ్యొచ్చా, దూది?”

“ఇంట్ల నీ ఇష్టం. గ్రౌండ్ల మాత్రం తియ్యకు.”

కొంచెంసేపు మౌత్‌పీస్ వైపే చూసింది. “మా బాపు అస్తుండు సార్.”

“రానీ. సూస్తడు గదా,” అన్నాను.

పరేడ్ బాగా జరిగింది. వరుసలు గీత గీసినట్టు వచ్చాయి. శిరీష బుగ్గలు నా మొదటి సీజన్ బుగ్గలకంటే నమ్మకంగా ఉబ్బాయి. మాకు రెండో బహుమతి. పాల్గొన్నవి మూడు స్కూళ్లు.

కప్పు పట్టుకుని ఫొటోలు దిగుతుంటే శిరీష ఒక పొట్టి మనిషిని వెంటపెట్టుకుని వచ్చింది. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో లడ్డూ పొట్లం.

“సార్, మా బాపు. జర గట్టిగ మాట్లాడుండ్రి. ఇనవడది.”

ఇరవై ఏళ్లకు పైగా బావి లోపల డ్రిల్లింగ్ మిషన్ పట్టిన మనిషి. చెవికి పెట్టుకునే మిషన్ ఇచ్చారు గానీ, అది కీచుమంటుందని బీరువాలో పెట్టాడట. ఇవన్నీ నాకు ఆ రెండు నిమిషాల్లోనే తెలిశాయి. రెండు నెలలుగా తెలుసుకోవాలనిపించలేదు.

“మా బిడ్డ ఊదిందా సారూ?” అన్నాడు ఓదెలు. వినపడని మనుషులు మాట్లాడే గొంతు, గ్రౌండ్ సగానికి చేరుతుంది.

“మంచిగ ఊదింది కాకా.”

“ఏంది?”

“మంచిగ ఊదిందన్న.”

“నాకైతే ఇనవడలే.” అర్థం కాని లెక్కలా చెప్పాడు. “ఇంట్ల రోజు ఇనవడుతది. నేను అరుగు మీద కూసుంట, గామె వాకిట్ల నిలవడి ఊదుతది. టీవీ ఇనవడది, మాట ఇనవడది, గామెది ఒక్కటే ఇనవడుతది. ఇయ్యాల గ్రౌండ్ సుట్టు కట్టిన తాడు కాడనే నిలవడ్డ సారూ. ఇనవడలే.”

శిరీష తన బూట్ల వైపు చూస్తోంది.

“గాలి అటు దిక్కు కొట్టింది కాకా,” అన్నాను.

వినపడని మనిషి కళ్లు బాగా పనిచేస్తాయి. ఓదెలు తలెత్తి జెండా వైపు చూశాడు. ఆరేసిన తువ్వాలలా అది కర్రకు అతుక్కుని ఉంది.

“గాలి లేదు సారూ. చెవే పోయింది. జరంత ఉండె, అది గూడ పోయింది.” బస్సు వెళ్లిపోయిందన్నట్టు చెప్పాడు. తర్వాత కూతురి తల మీద చేయి వేశాడు. “మంచిగనే ఊదినవట బిడ్డా. సార్ చెప్తుండు.”

లడ్డూ పొట్లం నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

మా బ్యాండ్ బీరువాకు తాళం లేదు. అందుకే ఎవరి ట్రంపెట్ వాళ్లే ఇంటికి తీసుకెళ్లేవారు. ఆ తర్వాత పది రోజులు శిరీష ట్రంపెట్ మాత్రం నా గదిలోనే ఉంది.

“ఇంటికి కొండవోతలేవేంది?” అని అడిగాను.

“మా బాపు వద్దంటుండు సార్. ఇనవడనప్పుడు ఊపిరెందుకు ఖరాబు చేసుకుంటవ్ అంటుండు. డ్యూటీ నుంచి అచ్చి గోడ దిక్కు తిరిగి పంటుండు.”

“ఒక్కసారి ఊదు. ఇనవడుతది గదా.”

“ఇనవడుతది సార్. ఇనవడితే, మరి గ్రౌండ్ల ఎందుకు ఇనవడలే అని అడుగుతడు.” ఆగింది. “ఏం చెప్పాలె? గంతమందిల నన్నొక్కదాన్నే ఊదనియ్యలేదని చెప్పాల్నా?”

చెవులు పూర్తిగా పోయాయని వాళ్ల నాన్న అనుకోవాలి, లేదా బిడ్డ నోరు కట్టేశారని తెలుసుకోవాలి. తొమ్మిదో తరగతి పిల్ల ఈ రెండింటిలో మొదటిది ఎంచుకుని, పది రోజులుగా ఒక్కతే మోస్తోంది. ఆ పది రోజులూ నేను కప్పు ఎక్కడ పెట్టాలా అని చూస్తున్నాను. చివరికి క్యారమ్ బోర్డుల మీద పెట్టాను.

“నేనే అచ్చి చెప్త,” అన్నాను. ఆమె వద్దనలేదు, సరే అని కూడా అనలేదు.

ఆదివారం చర్చిలో వాయించాక అటునుంచే వాళ్ల కాలనీకి వెళ్లాను. ట్రంపెట్ భుజానికే ఉంది. క్వార్టర్లు అక్కడ బోగీల్లా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఓదెలు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. శిరీష తలుపు దగ్గరే ఆగిపోయింది.

తప్పు ఒప్పుకోవడమంటే పక్కకు పిలిచి, గొంతు తగ్గించి చెప్పే పని అని నా ఊహ. ఓదెలు దగ్గర ఆ సౌకర్యం లేదు.

“కాకా, నీ చెవి పోలే.”

“ఏంది సారూ?”

“చెవి పోలే. నేనే దూది వెట్టిన.”

“ఏంది?”

“దూది. శిరీష ట్రంపెట్ల.”

మూడోసారికి పక్క క్వార్టర్‌లో బియ్యం ఏరుతున్న ఒక అవ్వ చేట దించి వచ్చి, ఓదెలు చెవి దగ్గర నోరు పెట్టి నా కంటే స్పష్టంగా చెప్పింది. “సప్పుడు ఎక్కువైతుందని నీ బిడ్డ బాజాల దూది గుక్కిండట. ఉత్తగనే నిలవెట్టిండట.”

“ఎవలకు గుక్కిండు?” అని నాలుగో క్వార్టర్ నుంచి ఒకాయన అడిగాడు.

“ఓదెలు బిడ్డకు.”

“గంతమందిల గీ పిల్లకేనా?”

“గీ పిల్లకే.”

నా ఒప్పుకోలు వరుస చివరికి నాకంటే ముందు చేరింది. అరుగుల మీదికి జనం వచ్చారు. స్కూల్లో బ్యాండ్ పిల్లలు ఇరవై నాలుగు మందికే తెలిసిన సంగతి కాలనీ మొత్తానికి తెలిసింది. తలుపు దగ్గర శిరీష నా వైపు చూడలేదు, ఎవరి వైపూ చూడలేదు. మంచి పని చేయడానికి వచ్చానని అప్పటిదాకా నమ్ముతూనే ఉన్నాను.

ఓదెలు అవ్వ ముఖం, నా ముఖం మార్చి మార్చి చూశాడు. తర్వాత ముఖం మెల్లగా విప్పారింది.

“అయితే నా చెవి ఉన్నదన్నట్టు,” అన్నాడు. దూది ఎందుకు పెట్టావని అడగలేదు. అడిగి, నాలుగు తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది. “బిడ్డా, ఇటు రా. ఊదు.”

నా ట్రంపెట్ తీసి శిరీషకిచ్చాను. వాకిట్లో ఎప్పటి చోటే నిలబడింది. అరుగుల మీద జనమంతా చూస్తున్నారు. ఓదెలు ముందుకు వంగి, చెవి వెనక చేయి పెట్టుకున్నాడు.

శిరీష ఊదింది. మెల్లగా ఊదింది. నేను రెండు నెలలు అడిగినంత మెల్లగా, స్వరం ఎక్కడా విరగకుండా, గాలి ఎక్కడా వణకకుండా. క్లాసులో అయితే చప్పట్లు కొట్టించేవాణ్ని. పాట సగానికి వచ్చింది. ఓదెలు చెవి వెనక చేయి అలాగే ఉంది. కూతురి వేళ్ల వైపు చూశాడు, తర్వాత నా వైపు తిరిగాడు.

“మొదలువెట్టిందా సారూ?”

“మొదలువెట్టింది కాకా,” అన్నాను.

“గట్టిగ ఊదు బిడ్డా,” అన్నాడు. ఆమె ఊదుతూనే ఉంది. స్థాయి మారలేదు.

జనవరి పరేడ్‌కు ఆమె ట్రంపెట్‌లో ఏ అడ్డూ లేదు. ఎనిమిది ట్రంపెట్లూ మోగాయి. ముందు నిలబడి చెవులు రిక్కించి వెతికినా అందులో శిరీషది ఏదో పట్టుకోలేకపోయాను. “ఇప్పుడు బ్యాలెన్స్ కుదిరింది సార్,” అన్నారు మేడమ్. పిల్లలు సైరన్ అనడం మానేశారు, ఆమె పక్కన ఖాళీ కూడా పోయింది. తాడు అవతల తెల్ల చొక్కాలో ఓదెలు, పక్కవాళ్లు చప్పట్లు కొట్టడం చూసి తనూ కొట్టాడు.

“ఇంట్ల ఊదుతున్నవా?” అని తర్వాత అడిగాను.

“ఊదుతున్న సార్.”

“బాపుకు ఇనవడుతుందా?”

“ఇప్పుడు గట్టిగ అస్తలేదు సార్.”

పదో తరగతికి వెళ్లాక స్పెషల్ క్లాసులని బ్యాండ్ మానేసింది. అప్పుడప్పుడు బస్టాండ్‌లో కనబడుతుంది. నమస్తే పెడుతుంది. మర్యాదగా, మెల్లగా.

నేను ఇంకా బ్యాండ్ మాస్టర్‌నే. డమ్మీలను పెట్టడం మానేశాను. వరుసలో ఖాళీ వస్తే ఖాళీతోనే నడిపిస్తాను. మేడమ్‌కు అదొక బాధ. ఇక ఆ పిల్ల నేర్పిన పాఠం అంటారా, చిన్నదే. జూన్‌లో కొత్త పిల్లలకు బాజాలు పంచేటప్పుడు, మెల్లగా ఊదు, గట్టిగా ఊదు అని చెప్పక ముందే, ఒక్కొక్కరినీ ‘ఇంట్ల నువ్వూదితే ఎవరింటరు?’ అని అడుగుతాను. నానమ్మ అనీ, తమ్ముడనీ ఒకరిద్దరు చెబుతారు. ఎక్కువమంది, అదేం ప్రశ్న అన్నట్టు చూసి, “ఎవ్వలినరు సార్,” అంటారు.

వాళ్ల దగ్గర ఇంకాసేపు నిలబడి వింటాను.