ఎడమచేతి పిడి

మా ఆవిడ ఎడమచేత్తో కూరలు తరిగేది. పెళ్ళైన కొత్తలో కోరుకొండ రోడ్డులో ఉండే కమ్మరి దగ్గర తనకని ఓ కత్తి చేయించుకుంది. ఆ పెద్దాయన పద్ధతే వేరు. కత్తి ఎవరి కోసమో వాళ్ళ చేతికి తడి బంకమట్టి ముద్ద ఇచ్చి, గట్టిగా పట్టుకోమనేవాడు. వేళ్ళు పడ్డ అచ్చును బట్టి పిడి చెక్కేవాడు. అందుకే ఆయన చేసిన ఏ రెండు కత్తులూ ఒకలా ఉండేవి కావు. కొబ్బరి బొండాలు కొట్టేవాళ్ళకి తుమ్మ కర్ర, చేపలు కోసేవాళ్ళకి తడికి జారని గేదె కొమ్ము. మా ఆవిడకి చింత కర్ర వేశాడు.

ఆవిడ పోయి ఏడు నెలలైంది. మాకు పిల్లలు లేరు. హోటల్ కూరలు తిని తిని విసుగెత్తి నేనే తరగడం మొదలుపెట్టాను. ఆ పిడి నా మాట వినదు. కుడిచేత్తో ఎలా పట్టుకున్నా నా వేళ్ళు గట్ల మీద, ఆవిడ వేళ్ళ గుంటలు ఖాళీగా. రెండుసార్లు వేలు తెగింది. రెండోసారి కత్తిని సింకులోకి విసిరికొట్టి, లేని మనిషిని నోటికొచ్చినట్టు తిట్టాను. తిరిగి ఒక్క మాటా రాకపోయేసరికి ఏడుపొచ్చింది.

పిడి మార్పించుకుని, పాతది తెచ్చి బీరువాలో ఆవిడ చీరల మధ్య పెట్టుకుందామనుకున్నాను. ఇంట్లో ఆవిడ చేతి గుర్తు మిగిలింది దాని మీదే.

కొలిమి దగ్గర పెద్దాయన లేడు. కొడుకు చేస్తున్నాడు. కత్తి ఇచ్చి పిడి మార్చమన్నాను.

"ఏ కర్ర ఎయ్యమంటారండీ? మూలనున్నాయి, సూసుకోండి."

తుమ్మ, టేకు తిరగేసి చూసి వెనక్కి వచ్చేసరికి పాత పిడి నిప్పుల్లో ఉంది. అప్పటికే సగం బొగ్గు.

"ఏంటయ్యా ఆ పని!" అని అరిచాను.

అతను బిత్తరపోయాడు. "పాత పిడి మంట మీదే కదండీ, కొత్త పిడిలోకి దిగే కత్తి ఇనుం కాల్చేది. మా నాన్నప్పట్నుంచీ అంతేనండీ. ఒకరి చేతి పిడి ఇంకోరి చేతికి ఎళ్ళకూడదండీ. ఒక్క ముక్క చెప్తే తీసి పక్కనెట్టేవోణ్ణి కదండీ."

నిజమే, చెప్పలేదు. చెప్పకుండానే అన్నీ తెలుసుకునే మనిషితో ఇరవై తొమ్మిదేళ్ళు కాపురం చేసి, నోరు తెరిచి అడగడం మరిచిపోయాను.

అప్పుడు సంగతంతా చెప్పాను. అతను మట్టి ముద్ద తడిపి నా ముందు పెట్టాడు.

"అమ్మగారు ఎలా పట్టుకునేవారో సూపించండి. అచ్చం అలాగే చెక్కేత్తాను."

ఆశగా ముద్దను ఎడమచేతిలోకి తీసుకున్నాను. బొటనవేలు పైన ఉండేదా, పక్కనా? చూపుడువేలు కత్తి వెన్ను మీదకి చాచేదా? వంకాయ ముక్కలు ఎంత సన్నగా ఉండేవో చెప్పగలను. ఉప్పు తక్కువైందని ఎన్నిసార్లు సణిగానో చెప్పగలను. ఆ చేతిని మాత్రం ఒక్కనాడూ చూడలేదు.

"మట్టి ఆరిపోతందండీ" అన్నాడతను మెల్లగా.

ముద్దను కుడిచేతిలోకి మార్చుకుని, నా వేళ్ళే నొక్కి ఇచ్చాను.