కాటా బాజీ వాంగ్మూలం

నరసరావుపేట మార్కెట్లో కాటాలు బాగుచేసే షేక్ బాజీకి పొగడ్తంటే చెవి కోసుకునేంత ఇష్టం. "బాజీ చెయ్యి పడితే కాటా ముల్లు అబద్ధమాడదు" అని ఎవరైనా అంటే వాళ్లకు టీ ఇప్పించకుండా వదలడు.

అసలు సంగతేమిటంటే, ఆ చెయ్యి పని మానేసి ఆరేళ్లయింది. చూపు మందగించింది, వేళ్లు వణుకుతున్నాయి. చేసేదంతా కూతురు నాజియా. ఆయన స్టూలు మీద కూర్చుని రిపేరు కాగితం మీద సంతకం పెడతాడు. లైసెన్సు ఆయనది మరి. ఎప్పటిదో పాత నిబంధన ప్రకారం అది తండ్రి తర్వాత కొడుక్కే వస్తుంది. బాజీకి కొడుకుల్లేరు. ఆయన పోతే కొట్టుకు తాళమే.

కాలం చెల్లిన రాష్ట్ర చట్టాలను మార్చడానికి వేసిన సంఘం ఊరూరా తిరిగి జనం మాట వింటోందని తెలిసి, నాజియా అర్జీ పెట్టుకుంది. విచారణ రోజు పొద్దున తండ్రికి పదేపదే చెప్పింది.

"అబ్బా, నేను పని నేర్చుకుంటన్నానని మాత్రమే చెప్పు. చేస్తన్నానని చెప్పమాక. తూనికల ఇన్‌స్పెక్టరు అక్కడే ఉంటాడు, ఉన్న లైసెన్సు కూడా పీకేస్తాడు."

"నాకు తెలవదా ఏంది?" అన్నాడు బాజీ.

సంఘం అధ్యక్షురాలు రిటైరైన జడ్జి గారు. అర్జీ చదివి, వ్యాపారుల అభిప్రాయం అడిగారు. మిర్చి వ్యాపారి చంద్రమౌళి శెట్టి లేచాడు. పాపం, చెడ్డ మనిషి కాదు.

"ఆడపిల్లకి కాటా పనేందండీ? నా కొట్లో కాటా ఆరేళ్ల నుంచి గింజంత తేడా రాలా. అదీ బాజీ చెయ్యంటే! ఇంకోళ్లకి రాదు ఆ పనితనం. ఆ రూలు అట్టాగే ఉండనీండి."

హాల్లో చాలామంది తలలూపారు. అంతమంది మధ్య అంత పెద్ద పొగడ్త బాజీ జన్మలో వినలేదు. పక్కన నాజియా తల వంచుకుని, వేలికంటిన గ్రీజు మరకను గోటితో గీరుకుంటోంది. బాజీ ఆ వంచిన తల వైపు చూశాడు. లేచి నిలబడ్డాడు.

"శెట్టి గారూ, మీ కాటా నేను ముట్టుకుని ఆరేళ్లయింది. చేసిందంతా ఈ పిల్లే. నేను ఊరికే సంతకం పెట్టా."

"అబ్బా!" అంటూ నాజియా చొక్కా పట్టి లాగింది. వెనక వరసలో ఇన్‌స్పెక్టరు తలెత్తాడు.

జడ్జి గారు కలం ఆపారు. "ఇది రాసుకుంటే రికార్డుకెక్కుతుంది. కొత్త చట్టం ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను. మీ లైసెన్సు మాత్రం రేపే పోవచ్చు. రాయమంటారా?"

బాజీ కూతురి భుజం మీద చెయ్యి వేశాడు.

"రాయండమ్మా. చేసింది షేక్ నాజియా అని రాయండి. నా పేరు చానా ఏళ్లు చెప్పుకున్నార్లే."