దుబాసమ్మకు కొరుకుడుపడని ఆఫ్

ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. ఆసుపత్రి మూడో అంతస్తులో, ఐసీయూ దగ్గర ఇరవై రెండేళ్ళుగా వార్డు ఆయా. దుప్పట్లు మార్చడం, ట్రాలీలు తోయడం, రోగుల ఒళ్ళు తుడవడం ఆమె ఉద్యోగం. దాంతోపాటు జీతం లేని ఇంకో ఉద్యోగం కూడా ఉండేది. పెద్ద డాక్టరు లోపలినుంచి వచ్చి, గబగబా ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పి లిఫ్టెక్కేస్తే, బయట బెంచీ మీదున్న బంధువులంతా ఈమె వైపు తిరిగేవాళ్ళు. "ఏమన్నారమ్మా?" అని. ఈమె చెప్పేది. అందుకే నర్సులు దుబాసమ్మ అని పేరు పెట్టారు.

ఆమె ఇంగ్లీషంతా ఆ వార్డులో ఏరుకున్నదే. స్టేబుల్ అంటే నిన్న ఎలా ఉన్నాడో ఇవాళా అలాగే ఉన్నాడు. క్రిటికల్ అంటే ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఫోన్లు చేసుకోండి. పాత డాక్టరున్నన్నాళ్ళూ ఆ సరుకుతో బండి బాగానే నడిచింది. ఆయన రిటైరయ్యాక తెలుగు ముక్క రాని కొత్తాయన వచ్చాడు. మంచివాడే కానీ, నోరు తెరిస్తే ఎక్కడో ఒకచోట ఆఫ్ అనకుండా ఉండలేడు.

ఆఫ్ దుబాసమ్మకు తెలియని మాట కాదు. ఫాను ఆఫ్, లైటు ఆఫ్, ఆదివారం డ్యూటీ ఆఫ్. అంతవరకూ గట్టిగా తెలుసు. అందుకే మొదటి వారంలో ఆయన కాగితాలు సంతకం చేసి చేతికిచ్చి, "ఆఫ్ యు గో" అన్నప్పుడు, గది బయటికి వెళ్తూ వెళ్తూ లైటూ ఫానూ రెండూ ఆపేసింది. లోపల్నుంచి డాక్టరు కేక విని నర్సు పరుగెత్తింది. "ఇక బయల్దేరు అన్నారు నిన్ను. ఆయన్ని చీకట్లో కూర్చోబెట్టావేంటి?" అని నవ్వింది. దుబాసమ్మా నవ్వేసింది గానీ, బయల్దేరడానికీ స్విచ్చికీ సంబంధమేమిటో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

ఆ నెలలోనే ఒక బస్సు డ్రైవరు ఊపిరితిత్తుల జబ్బుతో వచ్చి, తొమ్మిది రోజులు వెంటిలేటరు మీద ఉన్నాడు. అతని భార్య, ఇంకా చిన్నపిల్ల, బయట బెంచీ మీదే ఉండేది. ఇంటికెళ్ళి స్నానం చేసి రమ్మన్నా కదిలేది కాదు. పదో రోజు పదకొండింటికి డాక్టరు బయటికి వచ్చి, పక్కనున్న నర్సుతో "హి ఈజ్ ఆఫ్ ద వెంటిలేటర్" అని, నవ్వుకుంటూ లిఫ్టెక్కాడు.

"అక్కా, వెంటిలేటర్ అన్నాడు. ఏమన్నాడక్కా?" అని ఆ పిల్ల దుబాసమ్మను అడిగింది.

దుబాసమ్మ చేతిలో దుప్పట్ల మూట ఉంది. వెంటిలేటర్, ఆఫ్. ఆ మెషిను ఎప్పుడు ఆపేస్తారో ఈ ఇరవై రెండేళ్ళలో ఆమె చాలాసార్లు చూసింది. మరి నవ్వాడేం? అది మాత్రం అర్థం కాలేదు. రోజూ చూసేవాళ్ళకు గుండె బండబారుతుందేమో అనుకుంది. మూట కిందపెట్టి, ఆ పిల్ల భుజం పట్టుకుంది.

"మెషిను ఆపేశారమ్మా," అంది.

ఆ పిల్ల అక్కడే కుప్పకూలింది. మరిది ఫోన్లు చేశాడు. అరగంటలో లిఫ్టు దగ్గర పదిహేనుమంది పోగయ్యారు. ఎవరో అప్పటికే శవాల వ్యానుకి కబురు పెట్టేశారు. ఆ గోలకి హెడ్ నర్సు తలుపు తోసుకుని వచ్చింది.

"ఏమైంది? ఎవరు పోయారు?"

"మా అన్నయ్య!"

"ఎవరు చెప్పారయ్యా? ఆయన సొంతంగా ఊపిరి తీసుకుంటున్నాడని పొద్దున్నే గొట్టం తీసేశాం. మంచినీళ్ళు కావాలని మమ్మల్ని చంపుతున్నాడు!"

భార్యను లోపలికి తీసుకెళ్ళారు. డ్రైవరు ఆమె ముఖం చూసి, తలుపు సందులోంచి కనపడుతున్న జనాన్ని చూసి, బొంగురు గొంతుతో "ఎవరు పోయారే?" అన్నాడు.

"నువ్వే," అంది ఆమె. నవ్వో ఏడుపో తెలియకుండా మంచం అంచు పట్టుకుని కూర్చుండిపోయింది.

మరిది ఊరుకోలేదు, ఫిర్యాదు రాసిచ్చాడు. మర్నాడు దుబాసమ్మను ఆఫీసు గదికి పిలిచారు. డాక్టరూ, పరిపాలన అధికారీ పావుగంట ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. చివరికి అధికారి అదే ఊపులో ఆమె వైపు తిరిగి, "వి ఆర్ లెట్టింగ్ యు ఆఫ్ దిస్ టైమ్" అన్నాడు.

నిన్న ఒక ఆఫ్ ఒక మనిషిని చంపినంత పని చేసింది. ఇవాళ తన వంతు. "సరే సార్" అని బయటికొచ్చి, మెడలో గుర్తింపు కార్డు తీసి వార్డు బల్ల మీద పెట్టి, బట్టల అర తాళంచెవి దాని పక్కన పెట్టి, ఎవరితోనూ చెప్పకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

మొగుడు కరెంటు పనివాడు. విషయమంతా విని, "ఇందులో తెలియకపోవడానికేముంది? స్విచ్చికి రెండే దిక్కులు. ఆఫ్ అంటే ఆఫే" అని తేల్చేశాడు.

కూతురు ఫోనులో నిఘంటువు తీసింది. "ఆగు నాన్నా. లెట్ ఆఫ్ అంటే వదిలేయడం అట."

"వదిలేయడమంటే? తప్పు వదిలేయడమా, నన్ను వదిలేయడమా?"

"అది ఇందులో లేదమ్మా. ఇంకో అర్థం, బాంబు పేల్చడం."

"ఇంకేం, పేల్చేశారు," అన్నాడు మొగుడు.

కూతురు చదువుతూనే ఉంది. లైటు ఆఫ్ అయితే ఆరినట్టు, అలారం ఆఫ్ అయితే మోగినట్టు. పాలు ఆఫ్ అయితే విరిగినట్టు. విమానం ఆఫ్ అయితే లేచినట్టు. "చాల్లేవే, ఆపు," అంది దుబాసమ్మ. ఆరడానికీ మోగడానికీ ఒకే మాట పెట్టుకున్నవాళ్ళు ఒకరితో ఒకరు ఎలా కాపురం చేస్తారో ఆమెకు బోధపడలేదు.

రెండు రోజులు ఇంట్లోనే ఉంది. తెల్లవారగానే అలవాటుగా లేచి చీర కట్టుకుని, గుర్తొచ్చి మళ్ళీ కూలబడేది. మూడోనాడు హెడ్ నర్సు ఫోన్ చేసింది.

"ఏమ్మా, రెండ్రోజుల్నించి పత్తా లేవు. ఆఫ్ ఎవరిచ్చారు నీకు?"

"సారే ఇచ్చారు సిస్టరమ్మా."

"ఎన్నాళ్ళకి?"

"ఎప్పటికీ."

అవతల హెడ్ నర్సు పగలబడి నవ్వింది. "పిచ్చి మొహమా! ఈసారికి క్షమించి వదిలేస్తున్నాం అన్నారే! నువ్వు కార్డు పెట్టి పోతే, అలిగావేమో అనుకుంటున్నారు వాళ్ళు."

దుబాసమ్మకు సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు. పోనే పోని ఉద్యోగం కోసం రెండు రోజులు ఏడ్చింది. వెంటనే ఆ పిల్ల గుర్తొచ్చింది. డ్యూటీలో చేరగానే, డ్రైవరును మార్చిన మామూలు వార్డుకి వెళ్ళింది. అతను నిద్రపోతున్నాడు.

"అరగంట నీకు లేని చావు చూపించానమ్మా. నన్ను తిట్టు, కొట్టు, పడతాను."

ఆ పిల్ల మొగుడు నిద్రలోనే ఉన్నాడని చూసుకుంది. "తిట్టాలనే ఉందక్కా. కానీ ఒకటి చెప్పనా? ఎవరితోనూ అనకు. ఆ అరగంటలో ఏడుస్తూనే, ఇక ఆ బెంచీ మీద కూర్చోనక్కర్లేదు కదా అని కూడా అనిపించింది. నేనెలాంటిదాన్నో నాకే అర్థం కావట్లేదు."

దుబాసమ్మ జారిపోయిన దుప్పటి డ్రైవరు కాళ్ళ మీదికి లాగి, ఆ పిల్ల పక్కనే కూర్చుంది.

ఆ తర్వాత ఆమె దుబాసీతనం మానేద్దామనుకుంది గానీ జనం మాననివ్వలేదు. అందుకని ఒక పద్ధతి పెట్టుకుంది. ఎవరైనా "ఏమన్నారమ్మా?" అంటే, వాళ్ళ చెయ్యి పట్టుకుని తిన్నగా డాక్టరు గదికి తీసుకెళ్ళేది. తలుపు కొట్టి, ఆయన తలెత్తగానే ఐసీయూ వైపు వేలు చూపిస్తూ అడిగేది:

"సార్, గుడ్ ఆఫా? బ్యాడ్ ఆఫా?"

మొదటిసారి డాక్టరు కలం పట్టుకుని అయోమయంగా చూస్తూ ఉండిపోయాడు. అలాంటి ఇంగ్లీషు ఆయన ఎక్కడా చదువుకోలేదు. ఆమె అడిగేదేమిటో చివరికి అర్థమై, ఆమె చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన ముసలాయన ముఖం చూసి, ఆఫ్ జోలికి పోకుండా "గుడ్" అన్నాడు.