సముద్రంలో ఎవరు ఎవరిని లాగారంటే

సముద్రంలో మునిగిపోతున్న స్నేహితుణ్ని నేను ఒడ్డుకు లాగానని మా బంధువులు ఇప్పటికీ చెప్పుకుంటారు. పెళ్లిచూపుల్లో మా మామగారికి కూడా ఈ కథే చెప్పారు. మునిగింది నేను. లాగింది అతను. ఆ ముక్క చెప్పడానికి ఇన్నాళ్లూ నాకు నోరు రాలేదు.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోతున్న ఏడాది అది. ముగ్గురం ఒకే కచేరీలో గుమాస్తాలం. కల్లూరులో మా ఇంటి పక్క గదిలో వాళ్లిద్దరూ ఉండేవారు. నన్ను హైదరాబాదుకు వేశారు. నందికొట్కూరు మిత్రుడు కడపకు బదిలీ అడుక్కున్నాడు. వేంపల్లె మిత్రుడు ఉద్యోగం వదిలేసి సేద్యానికి పోతున్నాడు. విడిపోయే ముందు ముగ్గురం కలిసి సముద్రం చూసి రావాలనుకున్నాం. అంతవరకూ మాలో ఎవరూ చూసింది లేదు. కడపలో మద్రాసు బండి ఎక్కాం.

వేంపల్లె మిత్రుడు గజ ఈతగాడు. వాళ్ల ఊళ్లో పిల్లలకు వీపున బెండు కట్టి బావిలో ఈత నేర్పేది అతనే. నాకూ ఈత వచ్చు. ఎంత బాగా వచ్చో బండి కదిలినప్పటి నుంచి రేణిగుంట దాకా చెబుతూనే ఉన్నాను.

"ఈయప్ప ఈత వింటాంటే నాకు చలి పుడ్తాండాదప్పా" అన్నాడు నందికొట్కూరు మిత్రుడు.

మద్రాసులో దిగి నేరుగా సముద్రం దగ్గరికి నడిచాం. అలల వంక చూసి నందికొట్కూరు మిత్రుడే అన్నాడు: "ఇన్ని నీళ్లు పెట్టుకొని మనకొక వాన పంపల్యాకపాయనే!"

వేంపల్లె మిత్రుడు మాత్రం ఒడ్డుకు దూరంగా కూర్చుని ఇసుకలో గుంట తవ్వుతున్నాడు. ఎండాకాలం పాపాఘ్ని ఏట్లో తాగునీళ్లకు చెలమ తవ్వే చెయ్యి కదా, ఇసుక కనబడితే ఊరుకోదు.

"సముద్రం ఎదురుగ్గా పెట్టుకొని చెలమ తవ్వేవాణ్ని నిన్నే చూసినానప్పా" అని ఎగతాళి చేసి, పంచె గోచీ బిగించి, పరుగెత్తుకెళ్లి తలకిందులుగా దూకాను.

మాకు తెలిసిందంతా బావి ఈత. బావిలో గట్టు దాటితే నిలువు లోతు. తల ముందుపెట్టి దూకినవాడే మొనగాడు. ఇక్కడ నీళ్లు మోకాళ్ల దాకా కూడా లేవు. నా నుదురు ఇసుకను గుద్దుకుంది. కళ్లు బైర్లు కమ్మేలోగా పెద్ద అల వచ్చి నన్ను దొర్లించి లోపలికి ఈడ్చుకుపోయింది. ఏది పైనో ఏది కిందో తెలియలేదు. ఇంతలో ఎవరో జుట్టు పట్టుకున్నారు. వేంపల్లె మిత్రుడు చొక్కాతోనే వచ్చి లాగాడు. నేను ఒడ్డు చేరాను. నా పంచె చేరలేదు.

"వచ్చింది ముగ్గురం, పంచెలు రెండే పోతాండాయి" అన్నాడు నందికొట్కూరు మిత్రుడు.

వేంపల్లె మిత్రుడు తన పైగుడ్డ నా నడుముకు చుట్టి, చెలమలో ఊరిన నీళ్లు దోసిట్లో తెచ్చాడు. కాస్త చప్పగా ఉన్నా తాగే నీళ్లే.

"తాగప్పా. మోకాళ్ల నీళ్లల్లో సచ్చింటే మీ ఇంట్లో ఏమని చెప్పల్ల మేము?"

తిరుగు బండిలో ఎదుటి సీటు పెద్దమనిషి నా నుదుటి బొప్పి చూసి ఏమైందని అడిగాడు. "ఈయప్ప మునిగిపోతాంటే దూకినా" అన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట, ఇప్పటికీ తెలియదు. నందికొట్కూరు మిత్రుడు నోరు తెరిచాడు. వేంపల్లె మిత్రుడు అతని తొడ నొక్కి, "ఔ, ఈయప్ప ల్యాకుంటే నేను ల్యా" అన్నాడు. కడప చేరేలోగా నిజం చెప్పేద్దామనుకున్నాను. కడప వచ్చింది. ప్లాట్‌ఫారం మీద వేంపల్లె మిత్రుడు నన్ను వాటేసుకుని, "హైదరాబాదులో పైలంగా ఈదప్పా" అని నవ్వి వెళ్లిపోయాడు.

ఆ పెద్దమనిషిది వేంపల్లె పక్క ఊరట. కథ వేంపల్లె మిత్రుడి కంటే ముందే అతని ఊరు చేరింది. సముద్రంలో మునిగినవాడి దగ్గరికి పిల్లల్ని ఈతకు పంపడం మానేశారని నందికొట్కూరు మిత్రుడు తర్వాత నాకు చెప్పాడు. విని బాధపడ్డాను. బాధపడుతూనే హైదరాబాదులో ఆ కథ మరో నలుగురికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ సముద్రం ఇంకొంచెం లోతైంది.

మొన్న ఎండాకాలం వేంపల్లె వెళ్లాను. బావి దగ్గర ఉన్నాడన్నారు. పిల్లలకు వేరెవరో ఈత నేర్పుతుంటే, అతను దూరంగా గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. బెండు కట్టుకుని వణుకుతున్న వాళ్లలో ఒకడు అతని కొడుకే.

"నువ్వు నేర్పవా?" అన్నాను.

"వాళ్లమ్మ ఒప్పుకోల్యాప్పా" అని నవ్వాడు.

దారంతా తయారు చేసుకున్న ఉపన్యాసం ఒక్క ముక్కా గుర్తు రాలేదు. బావి చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినపడేలా అరిచాను. "సముద్రంలో మునిగింది ఈయప్ప కాదు, నేను! అదీ మోకాళ్ల నీళ్లల్లో. జుట్టు పట్టి లాగింది ఈయప్ప!"

అందరూ నా బట్టతల వంక చూశారు. "యాడుండాది జుట్టు?" అన్నాడు ఒక పిల్లవాడు.

నవ్వులు ఆగేదాకా నిలబడి, అతని రెండు చేతులూ పట్టుకున్నాను. "అబద్ధం చెప్పినానప్పా. నీ పిల్లోని ఈత గూడ నీకు కాకుండా చేసినా. తప్పయిపాయ, మన్నించు."