జెర్సీ వెనుక నాయన పేరు

పీటీ మిస్ పోయారన్న కబురు పీటీ మిస్ నంబరు నుంచే వచ్చింది. పొద్దున ఐదూ పదికి, వాయిస్ మెసేజ్. మేము జాతీయ మహిళల ఫుట్‌బాల్ లీగ్‌లో ఆడింది ఒకే ఒక్క సీజన్, అది ముగిసి ఆరేళ్ళు. అయినా ఆ జట్టు వాట్సాప్ గ్రూపులో ఆ వేళకు ఆ నంబరు నుంచి మెసేజ్ రాని రోజు లేదు. పెళ్ళయినవాళ్ళకు, చంకలో పిల్లలున్నవాళ్ళకు, షిఫ్టు ముగించుకుని అప్పుడే పడుకున్నవాళ్ళకు, అందరికీ ఒకటే పాట. "లెయ్యండి మే, ఎండ వచ్చేసె, ఇంకా పండుకోనుండారా?" అందుకే ఆ రోజు కూడా పద్దెనిమిది మందిలో ఒక్కరమూ దాన్ని తెరవలేదు.

నేను ఇప్పుడు కాట్పాడి దగ్గర ఒక బడిలో పీటీ టీచర్ని. ఇవాళ ఏం తిట్టారో చూద్దామని ఇంటర్వెల్‌లో పెట్టి విన్నాను. మగగొంతు. మిస్ తమ్ముడు. "అక్క నిద్దర్లోనే పోయిందమ్మా. మూడు గంటలకు ఎత్తుతాము. ఎవరెవరికి చెప్పల్లో నాకు తెలీదు, అందుకని దీంట్లో పెడతా ఉండా." ఐదు గంటలుగా ఆ మాట మా ఫోన్లలో వినే దిక్కు లేక పడి ఉంది. నాకు ఏడుపుకంటే ముందు కోపం వచ్చింది. పోయిన కబురు కూడా సరిగ్గా ఆ వేళకే రావాలా?

మిస్‌కు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. తమిళనాడులో, ఈ గుడియాత్తం వైపు ఉండే మా తెలుగువాళ్ళలో చాలామంది అంతే. నాకు మా అవ్వ పట్టుబట్టి నేర్పింది గనక ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. ఆమె చదవలేరన్న ధైర్యంతోనే రాస్తున్నానని కూడా ఒప్పుకోవాలి.

మా జట్టుకు మైదానం లేదు. బడి మైదానంలో సగం కొత్త గదులకు పోయింది, మిగిలిన సగంలో కంకర పోశారు. మిస్ మమ్మల్ని కౌండిన్య ఏట్లోకి దించారు. ఏడాదిలో ఎక్కువ నెలలు అందులో ఇసుకే కదా. ఇసుకలో పరిగెత్తితే కాళ్ళు గట్టిపడతాయని ఆమె నమ్మకం. కాళ్ళ సంగతేమో గానీ, ఇసుకలో బంతి ఎగరదు, దొర్లదు, పడినచోటే కూచుంటుంది. కదిలించాలంటే ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తన్నాలి. అట్లా రెండేళ్ళు నేర్చుకుని, వేలూరులో మొదటిసారి పచ్చిక మీదకు దిగి, అదే బలంతో తన్నాం. బంతులు గోడ దాటి రోడ్డు మీదకు పోయాయి. ఆట కంటే బంతి కోసం ఎదురుచూడటమే ఎక్కువైంది. "గడ్డిది తప్పు మే, మీది కాదు" అన్నారు మిస్. ఇసుకది తప్పని మాత్రం చివరిదాకా అనలేదు.

ఆ ఏటిని నమ్ముకోవడం ఇంకో తలనొప్పి. సీజన్ మొదలవడానికి సరిగ్గా వారం ముందు మోర్ధానా డ్యాం నిండి నీళ్ళు వదిలారు. ఊరి రైతులంతా సంబరపడుతుంటే మిస్ మెడలో విజిల్ వేసుకుని గట్టు మీద నిలబడి, మునిగిపోయిన మా మైదానాన్ని చూస్తూ నీళ్ళను తిట్టారు. లీగ్ వాళ్ళు ఆటల తేదీలు మూడుసార్లు మార్చారు. మార్చిన ప్రతిసారీ ఆమె మాకే ఫోన్ చేసి అరిచారు, మేమే మార్చినట్టు.

ఇసుకలో ఆమె రోజూ చెప్పిన మాట ఒకటే. "మడమ మోపొద్దు మే. మడమ మోపితే ఇసక నిన్ను పట్టుకుంటాది. వేళ్ల మింద పరిగెత్తు." దినానికి ఎన్నిసార్లు వినేవాళ్ళమో లెక్కలేదు. ఇంట్లో వంటింటి గడప దాటేటప్పుడు కూడా మడమలెత్తి నడిచే గతి పట్టింది నాకు.

ఇక ఫారం కథ. లీగ్ కోసం మా పేర్లు కంప్యూటర్లో ఎక్కించాలి. మొదటి పేరుకు ఒక గడి, చివరి పేరుకు ఒక గడి. ఆంధ్రావాళ్ళకైతే ఇంటిపేరుంటుంది. మాకూ ఉంది, మా అవ్వకు తెలుసు. కానీ తమిళనాడులో బడి రిజిస్టర్ల నిండా తరాలుగా ఇనీషియల్ ఒక్కటే, అది నాయన పేరులోని మొదటి అక్షరం. ఇంటిపేరు రాయండి మిస్ అన్నాను. "సర్టిఫికెట్లో లేంది నాకొద్దు" అన్నారు. బ్రౌజింగ్ సెంటర్లో కూచుని, పద్దెనిమిది మందికీ చివరి పేరు గడిలో నాయనల పేర్లు నింపేశారు. లీగ్ పద్ధతి ప్రకారం జెర్సీ వెనుక అచ్చయ్యేది చివరి పేరే. మ్యాచ్ ముందు రోజు మూట విప్పితే, మునిరత్నం, దేవరాజులు, యేసుపాదం, చెంగల్రాయుడు. అది మా డిఫెన్స్ లైను. నా వీపు మీద మునిరత్నం. అందరం అవి తొడుక్కుని వరుసగా నిలబడితే ఊరి పంచాయితీకి వచ్చిన పెద్దమనుషుల్లా ఉన్నాం.

కావాలనే చేశారా మిస్ అని అడిగాను. "కాలీగా ఇడిసిపెడితే ఆ కంప్యూటర్ ఒప్పుకోలేదు మే, నన్నేం చెయ్యమంటావు?" అన్నారు. కోచ్ జాకెట్ మీద కూడా పేరుండాలి. ఆమె తన గడిలో మాత్రం నాయన పేరు రాయలేదు, ఒక చుక్క పెట్టారు. చుక్కకు కంప్యూటర్ ఒప్పుకుంది. ఆమె జాకెట్ వెనుక ఒక తెల్ల చుక్క తప్ప ఏమీ లేదు.

మునిరత్నం అంటే మా నాయన. కే.వి.కుప్పం సంతలో టెంకాయల వ్యాపారం. నేను నిక్కరు వేసుకుని నలుగురిలో పరిగెత్తడం ఆయనకు గిట్టలేదు. మూడు నెలలుగా నాతో మాటల్లేవు. నా ఎదురుగానే కూచుని, "దాన్ని నీళ్ళు తెమ్మను" అని అమ్మతో చెప్పేవాడు. వేలూరులో మా మ్యాచ్‌లు రెండే, తక్కినవన్నీ బయటి ఊళ్ళలో, ఐదు వారాలు. బడి ముగిశాక ఆట కోటాలో కాలేజీ సీటు రావాలంటే నేను ఆ సీజన్ మొత్తం ఆడాలి. రాకపోతే చెప్పుల ఫ్యాక్టరీ, మా అక్కకు లాగానే. నాకు అప్పుడు పదిహేడేళ్ళు, ప్రయాణానికి ఇంట్లోవాళ్ళ సంతకం కావాలి. లీగ్ వాళ్ళకు అమ్మ సంతకం చాలు. అమ్మ పెన్ను చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉంది.

మిస్ ఒప్పుకోలేదు. "మీ నాయన పెడితేనే రైలు. లేకుంటే ఇంట్లో ఉండు" అన్నారు.

ఈ చట్టం ఎక్కడిది మిస్ అంటే "నాది" అన్నారు.

పోనీ ఆయన్ని ఒప్పించారా అంటే అదీ లేదు. మూడుసార్లు మా ఇంటికి వచ్చారు. మూడుసార్లూ అరుగు మీద కూచుని ఎండల గురించి, బస్సుల గురించి మాట్లాడి, సంచి నిండా టెంకాయలు కొనుక్కుని పోయారు. సంతకం ఊసే ఎత్తలేదు. మూడోసారి ఆమెను వీధి చివరిదాకా తరుముకుంటూ పోయి, "అడగనే లేదు కదా మిస్" అని ఏడ్చాను. "ఆయన మొహం చూసినా. ఇంకా పక్వానికి రాలేదు" అన్నారు, టెంకాయ గురించి చెప్పినట్టు. ఆ క్షణంలో ఆమెను ఏట్లోకి తోసేయాలనిపించింది.

మొదటి మ్యాచ్ చిత్తుగా ఓడిపోయాం. అది ఫోన్లలో చూపించారు. మరుసటి సంతలో నాయన కుప్ప ముందు నిలబడి ఒకడు అన్నాడట, "ఏం అప్పా మునిరత్నం, నీ పక్కనుంచే గోల్సన్నీ పోయినాయంట?" ఇంకొకడు ఫోన్ పెట్టి వినిపించాడు, వ్యాఖ్యాత పదేపదే మునిరత్నం తప్పు చేసిందని అంటున్నాడు. రెండో మ్యాచ్ రోజు నాయన వేలూరుకు వచ్చాడు. ఆట చూడటానికి కాదు, తన పేరు తీయించడానికి.

మిస్ వెనుక తాడు దగ్గర వచ్చి నిలబడ్డాడట. ఆమె చూడలేదు. ఆమె కళ్ళు నా మీదే ఉన్నాయి. అప్పటికి మమ్మల్ని మా పేర్లతో పిలవడం మానేశారు, జెర్సీ మీద ఉన్నదే కేక. "మునిరత్నం, యాడ చూస్తా ఉండావు? నిన్నే మునిరత్నం, మడమ యెత్తు." నాయన తర్వాత అమ్మతో చెప్పుకున్నాడు. "నన్నే అంటా ఉందేమో అనుకుంటి మే. తెలీకుండానే మడమలు యెత్తేసినా."

ఆ రోజూ ఓడిపోయాం, ఒక్క గోల్‌తో. బయటికి వస్తుంటే నాయన ఎదురొచ్చాడు. మూడు నెలల తర్వాత నాతో నేరుగా అన్న మొదటి మాట ఇది. "ఆ పొట్టి పిల్ల నీ ఎడం పక్కనుంచి వచ్చేది కనపళ్ళేదా? నా పేరు యేసుకొని ఆడతా ఉండావు. రేపు సంతలో మాట వచ్చేది నాకు."

మిస్ అప్పుడు సంచిలోంచి కాగితం తీశారు. "పేరు తియ్యాలంటే తీసేస్తా అప్పా. పిల్లను ఇంటికి పిలుచుకొని పో. పేరు ఉండల్లంటే ఇక్కడ సంతకం పెట్టు."

నాయన నన్ను వెనక్కి తిరగమన్నాడు. ఆ పేరును ఎంతసేపు చూశాడో నాకు తెలియదు, నా వీపుకే తెలుసు. తర్వాత పెన్ను గీసిన చప్పుడు వినిపించింది.

రైలు సాయంత్రం నాలుగున్నరకైతే మిస్ మమ్మల్ని ఒంటిగంటకే గుడియాత్తం స్టేషన్లో కూచోబెట్టారు. చిత్రాన్నం మూటలు. ఐదు వారాలూ ఎక్కడికి పోయినా ఆ చిత్రాన్నమే, ఆ నిమ్మకాయ వాసన ఇప్పటికీ నాకు పడదు. లత్తేరిలో రైలు ఆగితే ఆమె ఒక్కసారిగా మాట ఆపేసి కిటికీలోంచి ప్లాట్‌ఫారం చూశారు. నేను పక్కనే ఉన్నాను.

"మా ఊరు ఈ పక్కనే. నేను నీ ఈడులో ఆటల క్యాంపుకు పోతా ఉంటి. మా అమ్మ దొంగగా సంతకం పెట్టింది. మా నాయన ఈడే నిలబడుకోనుండె. అందరూ చూస్తా ఉంటే రైల్లోనుంచి దించేసినాడు." రైలు కదిలింది. "అమ్మలు పెడతారు మే. దించేది నాయనలు."

అంతే చెప్పారు. వెంటనే, కిటికీ అద్దం దించలేదని యేసుపాదాన్ని తిట్టారు. అప్పటికి మేము కూడా ఒకరినొకరం నాయనల పేర్లతోనే పిలుచుకునేవాళ్ళం.

ఆ సీజన్‌లో మేము పొడిచిందేమీ లేదు. పట్టికలో అడుగు నుంచి రెండో జట్టు. కానీ నాకు కాలేజీ సీటు వచ్చింది, ఈ ఉద్యోగం వచ్చింది. మిస్‌కు ఒకసారైనా నేరుగా థాంక్స్ చెప్పానా అంటే లేదు. చెప్పబోయిన ప్రతిసారీ ఏదో ఒకటి అని నా ఒళ్ళు మండించేవారు. నా ఉద్యోగం ఆర్డరు చూపిస్తే, "విజిల్ మంచిది కొనుక్కో" అన్నారు, అంతే.

మిస్ పోయిన ఆ మధ్యాహ్నం మేము పన్నెండు మందిమి చేరుకోగలిగాం. ఆ వాయిస్ మెసేజ్ సమయానికి విని ఉంటే అందరూ వచ్చేవాళ్ళు. కొందరి నాయనలు కూడా వచ్చారు. కప్పిన తెల్లగుడ్డ మీద తమ్ముడు ఆ చుక్క జాకెట్ పరిచాడు, వెనుక వైపు పైకి వచ్చేట్టు. శ్మశానం ఏటికి అవతలి ఒడ్డున. మధ్యలో ఉన్నది మా ఇసుకే. బండి మాట్లాడాం కదా అని మోసేవాళ్ళను ఎవరూ కుదుర్చుకోలేదు. బండి గట్టు మీదే ఆగిపోయింది, ఇసుకలో దిగితే మళ్ళీ ఎక్కదన్నాడు డ్రైవరు. తమ్ముడి చేతిలో నిప్పుకుండ. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. పద్దెనిమిది మందిని మూడు గంటల ముందే స్టేషన్లో కూచోబెట్టిన మనిషికి ఇట్లాంటి ఏర్పాటా అని నాకు ఒళ్ళు మండింది.

మా నాయన టవలు నడుముకు బిగించి ముందుకొచ్చాడు. ఆయన పక్కకు దేవరాజులు, వెనుకకు యేసుపాదం, చెంగల్రాయుడు, ఆ పేర్ల అసలు మనుషులు. ఎవరూ ఎవరినీ పిలవలేదు. మిస్ ఆ సీజన్ అంతా గీత బయట నిలబడి తిట్టిపోసిన నాలుగు పేర్లు, మా డిఫెన్స్ లైను, పాడె కింద భుజాలు పెట్టాయి.

"ఆడోళ్ళు ఈడే నిలబడండమ్మా" అన్నారు ఎవరో. మేము వినలేదు, చెప్పులు విప్పి ఇసుకలోకి దిగాం.

నడి ఏట్లో నాయన కాలు దిగబడింది. పాడె ఒక పక్కకు ఒరిగింది, జాకెట్ జారబోయింది. నా గొంతు నాకు తెలియకుండానే పైకి లేచింది, నా గొంతు కూడా కాదది. "మునిరత్నం, యాడ చూస్తా ఉండావు? మడమ యెత్తు."

ఎవరూ నవ్వలేదు. నాయన వెనక్కి తిరిగి చూడలేదు. మడమలెత్తి వేళ్ళ మీద నడిచాడు. పక్కన దేవరాజులు, వెనుక ఇద్దరూ అట్లాగే ఎత్తారు. పాడె సరిగ్గా నిలిచింది. మేము వాళ్ళ వెనుకే పోయాం. అవతలి గట్టు దాకా ఇసుకలో మా ముందు పడిన అడుగులకు ఒక్కదానికీ మడమ లేదు.