పలకరించడానికి వచ్చిన పోలీసు

మా మరిది పోయాడు. పొద్దున కాఫీ తాగి, పేపరు విప్పి, కళ్ళజోడు కోసం తడుముకుంటూ కుర్చీలో అలాగే ఒరిగిపోయాడట. బిట్రగుంట నుంచి తోటికోడలు ఫోన్ చేసింది. "అక్కా, కళ్ళజోడు నెత్తిమీదే ఉండాది" అని ఏడ్చింది. ఊళ్ళోవాళ్ళ పోయిన వస్తువులు వెతికిపెట్టడంలోనే తల పండిన హెడ్ కానిస్టేబులు, తన వస్తువు తాను కనుక్కోలేకపోయాడు. బతికుంటే ఈ మాట మీద నాతో పోట్లాడేవాడు.

ఇప్పుడు నేను తోటికోడలి పక్కనే ఉన్నాను. పలకరింపుకు జనం వస్తున్నారు. మా వైపు చావింటికి వెళ్ళి ఓదార్చడాన్ని పలకరింపు అంటాం. పేరుకు పలకరింపే గానీ, జరుగుతున్నది దర్యాప్తు. "షుగరుండిందా?" "ఆస్పత్రికి ఎందుకు తీసకపోలేదు?" "ముందురోజు ఏం తిన్నాడు?" ఒకావిడైతే "కాఫీలో చక్కెర ఎంత వేసినావు?" అని అడిగింది. ఆవిడను నేనే చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా సాగనంపాను.

నేను హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. అతను పోలీసు. ఇద్దరం ప్రశ్నలు వేసి బతికినవాళ్ళమే. కాకపోతే జవాబు తెలిసిన ప్రశ్నలే నేను వేసేదాన్ని, అతనికి ఆ సుఖం లేదు. అప్పట్లో సముద్రం ఒడ్డున మైపాడులో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. అన్నం దగ్గర కూర్చుంటే మా ఇద్దరికీ మాటల మీదే తగువు.

"ఆరా తీసి వస్తాను వదినా" అనేవాడు చెప్పులు వేసుకుంటూ.

"ఆరా తియ్యి, కూపీ మాత్రం లాగబాక. ఆరాకు చెవి చాలు, కూపీకి చెయ్యి కూడా పోతుంది" అనేదాన్ని.

"పెళ్ళి సంబంధమైతే వాకబు, దొంగతనమైతే దర్యాప్తు. రెండింట్లోనూ నిజం చెప్పేవాడు ఒక్కడూ ఉండడు వదినా."

ఒకసారి నేను విచారణకూ విచారానికీ ఒక్క అక్షరమే తేడా అంటే, "ఆ అక్షరం మా స్టేషన్లో ఉంటుంది" అన్నాడు తడుముకోకుండా. మా ఆయన పొలమారి మంచినీళ్ళు అడిగారు.

ఎవరింటికి వెళ్ళినా ముందు తను కూర్చునేవాడు, నేలైనా సరే, అరుగైనా సరే. "నిలబెట్టి అడిగితే అది నిలదీయడం వదినా. పక్కన కూర్చుని అడిగితే కనుక్కోవడం" అనేవాడు. వ్యాకరణం ప్రకారం నాకు అభ్యంతరాలున్నాయి. మనిషి ప్రకారం ఏమీ లేవు.

ఆ రోజుల్లోనే ఒకరి పడవ మోటారు కనిపించకుండా పోయింది. దాని యజమాని ఇంకో పడవలో చేపల వేటకు పోయే మనిషిని అనుమానించాడు. రుజువేమీ లేదు. పేదవాడు, అంతే. ఆ పొద్దు ఆ మనిషి సముద్రం మీదున్నాడు, ఆ సంగతి మా మరిదికి తెలీదు. బయట గాలి ముదిరి ఉంది.

మా మరిది ఇడ్లీ ముందు పెట్టుకుని దిగులుగా కూర్చున్నాడు. "స్టేషనుకు పిలిచి విచారించినారంట అనే మాట పుడితే చాలు వదినా, వాణ్ణి ఇంక ఏ పడవా ఎక్కించుకోదు. తీయలేదని తేలినా ఎక్కించుకోరు. వాడు ఏం తిని బతకాల? నేనే వాళ్ళ ఇంటికి పోయి మెత్తగా ఒక మాట అడిగొస్తా."

ఆ మెత్తని మాట కోసం దారంతా వెతుక్కున్నాడట. విచారణ వద్దనుకున్నాడు, దర్యాప్తు వద్దనుకున్నాడు. ఆ మనిషి భార్య ఇంటి ముందు చేపలు ఎండబెడుతూ ఉంది. ఇతను మర్యాదకు టోపీ తీసి చేతిలో పట్టుకుని, గొంతు తగ్గించి, "ఊరికే పలకరించి పోదామని వచ్చినానమ్మా" అన్నాడు.

మొగుడు సముద్రం మీద, గాలేమో అట్లా. పోలీసు టోపీ తీసి పలకరించడానికి వచ్చాడు. ఆ పిల్ల, ఎండబెట్టిన చేపల మీదే కూలబడింది.

మధ్యాహ్నం నేను బడి నుంచి వస్తుంటే వీధంతా శోకాలు. నడిమధ్యన మా మరిది టోపీ పట్టుకుని మొత్తుకుంటున్నాడు. "బతికే ఉండాడు తల్లీ! నాకు తెలీదు గానీ, బతికే ఉండుంటాడు!"

ఆ రెండో మాటతో మిగిలిన ఆశ కూడా పోయింది.

ఒక ముసలమ్మ అతని చొక్కా పట్టుకుంది. "మరి ఎందుకొచ్చినావయ్యా? ఏం దాస్తుండావు? నోరు తెరు!"

తెరిస్తే ఆ మనిషి పేరు వీధిన పడుతుంది. తెరవకపోతే ఆ ఏడుపు ఆగదు. తిట్లన్నీ తలవంచుకుని పడుతూ నిలబడ్డాడు. నేను జనంలోకి దూరి, "వీడికి చిన్నప్పటి నుంచి తెలుగు సరిగా రాదమ్మా. వీధిలో నలుగురితో మాట కలుపుదామని వచ్చి ఆ మాట వాడి చచ్చినాడు" అన్నాను. సగం నమ్మారు. మిగతా సగానికి పడవే కనబడాలని అందరూ ఒడ్డుకు పోయారు.

ఎండ వాలే వేళకు పడవ కనబడింది. ఆ మనిషి దిగీ దిగకముందే భార్య అతని వీపు మీద రెండు చరిచి భోరుమంది. "ఏందే, నేనేం చేసినా?" అని అతను బిక్కమొహం వేశాడు.

ఆ మోటారు సంగతి తర్వాత తేలింది. యజమాని తమ్ముడే చెప్పకుండా నెల్లూరులో రిపేరుకు ఇచ్చాడు. ఈ మనిషిని అనుమానించారన్న సంగతి ఒడ్డున ఎవరికీ తెలియలేదు. మరుసటి వేటకు అదే పడవ ఎక్కాడు.

అదంతా తర్వాతి మాట. ఆ సాయంత్రం ఒడ్డున జనమంతా పడవను ఇసుక మీదికి లాగుతున్నారు. మా మరిది టోపీ నా చేతిలో పెట్టి, బూట్లతోనే నీళ్ళలోకి దిగి, ఆ మనిషి పక్కన తాడు పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకరి భుజానికి ఒకరు ఆనుకుని వంగారు. అందరూ అరుస్తూ లాగుతుంటే మా మరిది పెదవులు మెల్లగా కదిలాయి. ఆ మనిషి ఒకసారి లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. మా మరిది సరేనన్నట్టు తల ఊపాడు. అల వచ్చి ఇద్దరినీ నడుం దాకా తడిపి వెనక్కి పోయింది. ఇద్దరూ తాడు వదల్లేదు.